మధ్యలో ఎవరూ లేరట!

రైతు బజారు గురించి ఎవరు మాట్లాడినా ముందుగా వచ్చే మాట ఒకటే. "మధ్యలో దళారీ ఉండడు. రైతు నేరుగా అమ్ముతాడు, మనం నేరుగా కొనుక్కుంటాం." వినడానికి ఎంత బాగుంటుందో! ఈసారి సంచీ పట్టుకుని వెళ్ళినప్పుడు ఆ షెడ్ల మధ్య ఒక్క నిమిషం ఆగి చుట్టూ చూడండి. "అమ్ముతాడు" అన్నారే, ఆ "డు" ఎక్కడున్నాడు? మా ఊరి రైతు బజారులో ఆకుకూరల వరుస ఈ చివర నుంచి ఆ చివరి దాకా నడిస్తే నాకు కనిపించేది ఆడవాళ్ళే. ఎప్పుడైనా ఒక మగమనిషి కనిపించాడంటే ఇంటావిడకి జ్వరమొచ్చిందనో, పుట్టింట్లో పెళ్ళి ఉందనో అర్థం.

దళారీ లేడన్నది నిజమే. దళారీ చేసే పని మాత్రం ఎక్కడికీ పోలేదు. సరుకు కడగాలి, ఏరాలి, కట్టలు కట్టాలి, తెల్లవారకముందే బండెక్కించాలి, పరచాలి, వాడకుండా నీళ్ళు చల్లాలి, వచ్చినవాళ్ళతో మాట్లాడాలి, చిల్లర చూడాలి, మిగిలింది ఏదో ఒక ధరకి వదిలించుకోవాలి. ఆ పనంతా రైతు భార్య మీద పడింది. కమీషన్ కొట్టు ఆయన ఆ పనికి నూటికి ఇంత అని తీసుకుంటాడు. ఆమెకి ఎవరూ ఏమీ ఇవ్వరు. ఆ ఆదా అయిన డబ్బులో కాస్త మనం పంచుకుంటున్నాం, కాస్త ఇంటి ఖర్చులో కలిసిపోతోంది, పేరేమో "దళారీ లేని వ్యవస్థ"కి వస్తోంది. భార్య అనే దళారీకి కమీషన్ ఉండదు కాబట్టే కూర చవక. ఈ సంగతి ఎవరూ పైకి అనరు. అందుకే నేనంటున్నాను.

రైతు బజార్లు వద్దనేదాన్ని కాను. 1999 జనవరి 26న ఉమ్మడి రాష్ట్రంలో ఇవి మొదలయ్యాయి. అప్పటికే పంజాబులో, చండీగఢ్‌లో "అప్నీ మండీ"లు ఉన్నాయి. అదే ఏడాది నవంబరులో తమిళనాడు వాళ్ళు మదురైలో "ఉళవర్ సందై" తెరిచారు. హోల్‌సేల్ ధర కన్నా సుమారు 25 శాతం ఎక్కువ, బయటి చిల్లర ధర కన్నా సుమారు 25 శాతం తక్కువ ఉండేలా రోజూ ధర కట్టి బోర్డు మీద రాయాలన్నది మొదటి నుంచీ చెప్పే లెక్క. మంచి లెక్కే. 2024లో రిజర్వ్ బ్యాంకు వాళ్ళ పత్రం ఒకటి వచ్చింది. మనం టమాటాకి పెట్టే రూపాయిలో రైతుకి చేరేది 33 పైసలట. ఉల్లిపాయకి 36, బంగాళాదుంపకి 37. మిగతాదంతా దారిలో పోతోంది. అలాంటప్పుడు దారి తగ్గించే బజారు ఏదైనా నాకు ఇష్టమే. దారి తగ్గించామని చెప్పి ఆ దారంతా ఒక మనిషి చేత ఉచితంగా నడిపించడం దగ్గరే నా పేచీ.

ఆ మనిషి ఎవరో చెప్తాను. మా వారి పెదనాన్నగారి కొడుకు భార్య. నాకు తోడికోడలు వరస, అక్కా అని పిలుస్తాను. కృష్ణ ఒడ్డున ఒక పల్లె, ఎకరంన్నర పొలం. అందులో అరెకరం ఆకుకూరలే. తోటకూర, పాలకూర, చుక్కకూర, గోంగూర, కొత్తిమీర మడులు కట్టి, ఒకటి కోతకొచ్చేసరికి ఇంకోటి మొలకెత్తేట్టు చల్లుకుంటారు. దుక్కి, నీళ్ళు, మందులు బావగారి పని. కలుపు, కోత ఇద్దరూనూ. మధ్యాహ్నం ఎండ తగ్గాక కోత మొదలవుతుంది. వేళ్ళ మట్టి పోయేలా కాలవలో జాడించి, అరటినారతో కట్టలు కట్టి, తడిగోనె మీద పేర్చి, పైన ఇంకో తడిగోనె కప్పేసరికి రాత్రి ఎనిమిది. తర్వాత వంట. తెల్లవారుజామున మూడింటికి లేచి మూడున్నర ఆటో అందుకోవాలి. నలుగురు ఆడవాళ్ళు, నలుగురి గంపలు, ఒకటే ఆటో. అయిదింటికల్లా బజారు. ఆరింటి నుంచి తొమ్మిది దాకా జనం. పదింటికి ఎండ షెడ్డులోకి వస్తుంది, ఆకు తల వాలుస్తుంది. అప్పుడు వచ్చేవాళ్ళు కొనడానికి రారు, ఏరుకోవడానికి వస్తారు.

అన్నట్టు, ఆవిడ తెల్లవారుజామున లేచిన దగ్గర్నుంచి ఇల్లు చేరే పదకొండున్నర దాకా మంచినీళ్ళు తాగదు. ఎందుకో ఆడవాళ్ళకి చెప్పక్కర్లేదు. మరుగుదొడ్డి ఉంది. దానికి తాళం కూడా ఉంది. తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కునే లోపు గంప ఎవరు చూస్తారు? పక్కావిడ చూస్తుందంటారా, ఆవిడ బేరంలో ఆవిడుంటుంది. ఎండాకాలం రెండుసార్లు మూత్రంలో మంటతో ఆస్పత్రికి వెళ్ళింది. ఆ ఆస్పత్రి ఖర్చు తోటకూర కట్ట ధరలో ఏ కమిటీ కలపలేదు.

ఇక ధర. మొన్న పండక్కి వెళ్ళినప్పుడు ఇద్దరం కూర్చుని లెక్క వేశాం. మామూలు రోజున 150 కట్టలు తెస్తుంది. బోర్డు మీద ధర మూడు కట్టలు ఇరవై. అన్నీ అమ్ముడుపోతే 1000 రూపాయలు. ఆటోకి రానూపోనూ 200. కోతకి సాయం వచ్చిన మనిషికి 300. నార, టీ, టిఫిను 50. మిగిలేది 450. విత్తనం, ఎరువు, కరెంటు మోటారు మరమ్మతు, వానకి కుళ్ళిపోయిన మడి, అన్నీ అందులోంచే. ఇప్పుడు మనం చేసే పని చూడండి. "మూడేంటమ్మా, నాలుగివ్వు." నలుగురిలో ముగ్గురు ఇదే మాట అంటారట. అందరికీ నాలుగు ఇస్తే 150 కట్టలకి వచ్చేది 750. ఖర్చు మాత్రం పైసా తగ్గదు. మిగిలేది 200. మనకి అది ఒక్క కట్ట. ఆవిడకి ఆ రోజు మిగలాల్సిన దాంట్లో సగానికి పైన.

కొనేవాళ్ళూ కోటీశ్వరులేం కాదు, నెలాఖరుకి పర్సు చూసుకునేవాళ్ళే అంటారు. ఒప్పుకుంటాను, నా పర్సూ అదే. బేరం ఆడొద్దని నేనెవరికీ చెప్పను. వంకాయ పుచ్చయితే అడగాలి, కాటా తేడాగా ఉంటే నిలదీయాలి. కానీ బోర్డు మీద ధర రాసి ఉన్నచోట, అదీ బయట కన్నా తక్కువని తెలిసే మనం నడిచి వెళ్ళినచోట, ఇంకా తగ్గించమనడం దేనికి? ఏసీ కొట్లో ప్లాస్టిక్ పెట్టెలో పెట్టిన అదే పాలకూరకి స్టిక్కరు మీదున్న ధర చూసి నోరు మూసుకుని డబ్బు కట్టేది మనమే కదా. అక్కడ మాట పెగలదు. ఎదురుగా ఉన్నది యంత్రం. ఇక్కడ ఎదురుగా ఉన్నది మనలాంటి ఆడమనిషి కాబట్టి నోరు లేస్తుంది.

కొసరు అన్న మాట చూడండి, ఎంత అందమైన మాటో. ఇంటికొచ్చినవాళ్ళకి కొసరి కొసరి వడ్డిస్తాం. కడుపు నిండాక కూడా ఇంకొక్క గరిటె వెయ్యడంలో ఉన్న ఆపేక్షంతా ఆ మాటలో ఉంది. బజారుకెళ్ళాక అదే మాట అర్థం తిరగబడుతుంది. అక్కడ కొసరు ఇచ్చేది కాదు, గుంజుకునేది. కొత్తిమీర కాడలు నాలుగు, కరివేపాకు రెబ్బలు రెండు, పచ్చిమిరపకాయలు గుప్పెడు. ఊరికే వస్తుంది కాబట్టి తీసి పారేసేదానికి కరివేపాకు అని సామెతలు కూడా కట్టుకున్నాం. ఆ కరివేపాకు ఊరికే మొలవలేదండీ. గుంటూరు జిల్లా పెదవడ్లపూడి వైపు వెళ్తే ఎకరాలకెకరాలు కరివేపాకు తోటలే. పెట్టుబడి పెట్టి, నీళ్ళు పెట్టి, కూలీలని పెట్టి కోయించే పంట అది.

"అక్కడ అసలు రైతులెవరున్నారు? అందరూ బినామీలే" అని ఇంకో మాట. ఈ మాట అన్నాక ఇక ఎంత గీచి బేరమాడినా పాపం అంటదన్నట్టు ఉంటుంది వరస. బినామీలు ఉన్నారు, లేరనను. ఎందుకున్నారో కాస్త ఆలోచించాలి. రోజూ ఎనిమిది గంటలు బజారు కోసం ఖర్చుపెట్టగల మనిషి ఇంట్లో ఉన్న రైతుకే ఈ బజారు పనికొస్తుంది. భార్య పోయినవాడు, ముసలి దంపతులు, భార్య పసిపిల్లతో ఉన్నవాడు ఏం చేస్తారు? పొలం చూసుకుంటారా, కాటా ముందు ఉంటారా? వాళ్ళ సరుకు గట్టు మీదే ఎవడికో పోతుంది. ఒక్కోసారి సరుకుతో పాటు కార్డూ పోతుంది. కౌలు రైతు సంగతి ఇంకా అన్యాయం. పండించేది అతను, కాగితం ఆసామిది. ఇంట్లో ఉచితంగా పనిచేసే ఆడమనిషి ఉంటుందన్న నమ్మకం మీద కట్టిన ఏర్పాటు ఇది. ఆ మనిషి లేనిచోట బినామీ వచ్చి కూర్చుంటాడు. తప్పు పట్టాలంటే అక్కడ పట్టాలి.

మరి ఆ మనిషికి కాగితాల్లో ఉన్న చోటేమిటి? రైతు బజారులో అమ్మాలంటే గుర్తింపు కార్డు ఉండాలి. కార్డు కావాలంటే పొలం ఉన్నట్టు, అందులో కూరగాయలు వేసినట్టు అధికారులు చూసి రాయాలి. పాసు పుస్తకం బావగారి పేరు మీద ఉంది. కాబట్టి రైతు ఆయన. ఆవిడ "రైతు కుటుంబ సభ్యురాలు". తనిఖీకి వచ్చినవాళ్ళు ఆవిడని అడిగే మొదటి ప్రశ్న, "మీ ఆయనేడమ్మా?" పద్నాలుగేళ్ళుగా ఆ బండ మీద ఉన్నది ఆవిడ. ఏ హోటలు వాళ్ళు ఏ రోజు గోంగూర అడుగుతారో, కార్తీకమాసంలో ఏది పోతుందో, శ్రావణంలో ఏది పోతుందో, వాన మబ్బు చూసి ఎన్ని కట్టలు తగ్గించాలో ఆవిడకి తెలుసు. బావగారిని ఒక్కరోజు అక్కడ వదిలితే సగం సరుకు వెనక్కి తెస్తారు. ఆయనే నవ్వుతూ చెప్తారు ఆ మాట. నవ్వుతూ చెప్తారు గానీ కార్డు మీద పేరు మార్చే మాట రాదు.

మన రాష్ట్రంలో ఆడపిల్లకి ఆస్తిలో సమాన వాటా చట్టం 1985 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. దేశమంతటికీ 2005లో వచ్చింది. 2007లో కేంద్రం చేసిన రైతుల విధానంలో రైతు అన్న మాటకి కౌలుదారుని, కూలీని కూడా కలుపుకుంటూ విశాలంగా అర్థం రాశారు. రాతలన్నీ బాగున్నాయి. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో ఆడవాళ్ళ పేర ఉన్న కమతాలు సుమారు 14 శాతం. తెలుగు రాష్ట్రాల్లో అంతకన్నా ఎక్కువే, సంతోషం. కానీ ఆకుకూరల వరుసలో ఉన్నవాళ్ళని అడిగి చూడండి, "కార్డు మీ పేరా, మీ వారి పేరా?" అని. జవాబు వచ్చే లోపు ఒక నవ్వు వస్తుంది.

అంతకన్నా నన్ను కలవరపెట్టింది ఇంకో చిన్న కాగితం. కాటా పక్కన నిలబెట్టిన ఫోన్‌పే స్టిక్కరు. ఇదివరకు వచ్చిన డబ్బు ఆవిడ రొంటిన ఉండేది. ఇంటికెళ్ళాక లెక్క చెప్పినా, చెప్పే లోపు దాంట్లో ఒక యాభయ్యో వందో ఆవిడదయ్యేది. పిల్లకి రిబ్బన్లు, తనకి మాత్రలు, పుట్టింటికి వెళ్తే చేతిలో పెట్టడానికి నాలుగు పండ్లు అందులోంచే. ఇప్పుడు పదిమందిలో ఏడుగురు ఫోను చూపిస్తారు. ఆ స్టిక్కరు కొడుకు ఖాతాది. యాభై రూపాయలు వచ్చాయని పెట్టె అరుస్తుంది, అరిచిన యాభై ఆవిడ మీదుగా ఎగిరి ఎక్కడో ఉన్న ఫోనులో పడుతుంది. సాయంత్రం టీకి పది రూపాయలు కావాలంటే కొడుకునే అడగాలి. డిజిటల్ అనీ, పారదర్శకత అనీ మనం మురిసిపోయే మార్పు ఆవిడ రొంటిని ఖాళీ చేసి వెళ్ళింది. కొడుకు చెడ్డవాడేం కాదు, అడిగితే ఇస్తాడు. ఆ అడగడం దగ్గరే కదా గొడవంతా.

ఇంత చేసే మనిషికి కనీసం మర్యాద ఉందా అంటే, ఇక మన భాష దగ్గరికే రావాలి. బి.ఏ.లో తెలుగు చదివినదాన్ని, మాటలు పట్టించుకోవడం నాకు అలవాటు. వ్యాకరణంలో ఏకవచనానికి వచ్చేసరికి ఆడమనిషినీ గొడ్డునీ గోడనీ ఒకే గాటన కట్టిన భాష మనది. సరే, అది పాత సంగతి. రోజూ వాడే మాటలు చూడండి. మగవాడు "కొట్లో కూర్చుంటాడు" అంటే యజమాని అని అర్థం, గౌరవం. ఆడమనిషి "బజార్లో కూర్చుంటుంది" అంటే ఆ వాక్యం తలెత్తుకోలేదు. ఇంట్లో పిల్లలు గట్టిగా అరిస్తే "ఏమిటా చేపల బజారు గోల?" అంటాం. కోడలు గొంతు పెంచితే "కూరలమ్మే దానిలా ఆ అరుపులేంటి?" ఇక "బజారుది" అన్న తిట్టు సంగతి రాయడానికే చెయ్యి రాదు. అంగడికి వెళ్ళి సంపాదించే ఆడదాన్ని తిట్టుగా మార్చిన మాటలు ఇన్ని పోగేసుకుని, ఆవిడ పండించిన కూరే కావాలంటాం, ఆవిడే మోసుకొచ్చి ఇవ్వాలంటాం. అరవకపోతే ఎవరు కొంటారు అక్కడ? ఆ గొంతు ఆవిడ పనిముట్టు. టీచరుకి గొంతు ఉంటే బాగా పాఠం చెప్తుందంటాం, ఈవిడకి ఉంటే గయ్యాళి అంటాం.

ఈ మాటల వల్ల ఏమవుతుందో మా ఇంట్లోనే జరిగింది. అక్క కూతురు నర్సింగు పూర్తి చేసింది. సంబంధాలు చూస్తున్నారు. మధ్యవర్తి, మా అందరికీ తెలిసిన పెద్దమనిషే, ఇంట్లో కూర్చుని ఎంతో ప్రేమగా సలహా ఇచ్చారు. "తల్లి బజారులో అమ్ముతుందని చెప్పకండమ్మా. వ్యవసాయ కుటుంబం అనండి చాలు. తల్లి గృహిణి అని రాయండి." ఆ పిల్ల ఫీజులు కట్టింది ఆ తోటకూర కట్టలు. హాస్టలు బిల్లు కట్టింది ఆ తోటకూర కట్టలు. పెళ్ళి దగ్గరికి వచ్చేసరికి ఆ కట్టలు అమ్మిన చేతుల్ని కాగితం మీద కనిపించకుండా చెయ్యాలట. బావగారు తల ఊపారు. అక్క కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

నేను గృహిణినే. ఆ మాట అంటే నాకు చిన్నచూపు లేదు, ఈ రాతలన్నీ ఆ హోదాలోనే రాస్తున్నాను. కానీ ఉన్న పనిని దాచడానికి దాన్ని ముసుగులా వాడితే ఊరుకోలేను. ఇంటిపనిని పని కాదన్నారు, సరే, దానికి జీతం లెక్కకట్టడం కష్టమని ఏదో వంక చెప్పారు. ఇక్కడ ఆ వంక కూడా లేదు. కాటా ఉంది, ధర బోర్డు ఉంది, వచ్చిన డబ్బు పైసలతో సహా లెక్క ఉంది. అయినా పని చేసిన మనిషి పేరు ఏ కాగితం మీదా లేదు. "కుటుంబం కోసమే కదా, నీది నాది అని ఏముంది" అంటారు. ఏమీ లేనప్పుడు ఆవిడ పేరు రాయడానికి అంత ఇబ్బంది ఎందుకు మరి? నీది నాది లేదన్న మాట ఎప్పుడూ పేరు ఉన్నవాళ్ళ నోటి నుంచే వస్తుంది, గమనించారా?

నేను అడుగుతున్నవి పెద్ద కోరికలు కావు. ఎవరు అమ్ముతున్నారో వాళ్ళ పేరు, ఫొటో కార్డు మీద ముందు ఉండాలి, పాసు పుస్తకం ఎవరిదైనా సరే. మరుగుదొడ్డికి తాళం ఉండకూడదు. స్టిక్కరు ఆవిడ ఖాతాదే అయ్యుండాలి. ఇక మన వంతు, బోర్డు మీద మూడు అని ఉంటే మూడు తీసుకుని ఇంటికి రావాలి. వీటిలో చివరి దానికి ప్రభుత్వం అక్కర్లేదు, స్టిక్కరు మార్చడానికి కొడుకు ఒక పూట సెలవు పెడితే చాలు.

స్టిక్కరు పని అయింది. పిన్నీ పిన్నీ అంటూ నా చుట్టూ తిరిగే ఆ నర్సింగు పిల్లే, తల్లిని బ్యాంకుకి తీసుకెళ్ళి ఖాతా తెరిపించి, కొత్త స్టిక్కరు తెచ్చి కాటా పక్కన అంటించింది. పాతది తియ్యలేదు, దాని మీదే అంటించింది. పెళ్ళి కాగితంలో "తల్లి" ఎదురుగా "ఆకుకూరల సాగు, రైతు బజారులో అమ్మకం" అని కూడా తనే రాసింది. అది చూసి ఒక సంబంధం వాళ్ళు మళ్ళీ ఫోను చెయ్యలేదు. ఇంకొకళ్ళు వచ్చే ఆదివారం వస్తామన్నారు. ఆకుకూరలు వేసే ఆ అరెకరం అక్క పేరు మీద రాయించే కాగితం మాత్రం రాయించి తెచ్చి రెండు నెలలైంది, దేవుడి పటం వెనక ఉంది. సంతకం పెట్టాల్సింది బావగారు.